సున్తీ, వైద్య సంఘాల తీర్మానాలు, మన బాధ్యత

(సంస్థ వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు నన్ను ఏటా పిలుస్తారు. ఏటా నేను పిల్లల చదువుల గురించే మాట్లాడతాను. స్కాలర్‌షిప్పులు, మధ్యలో బడి మానేసే ఆడపిల్లలు, పదో తరగతి ఫలితాలు. టీచరు కాబట్టి అదే వస్తుందని మీకూ తెలుసు. ఈసారి వారి అనుమతి తీసుకొని వేరే విషయం ఎంచుకున్నాను. మన సంస్థ ప్రతి వేసవిలో ఉచిత సున్తీ శిబిరం జరుపుతోంది. ఆ ఖర్చు మీ జేబుల్లోంచి వస్తోంది. కనుక ఈ మాట మీ ముందు కాక ఇంకెక్కడ చెప్పాలి?

ఈ మధ్య మన కుర్రాళ్ళ ఫోన్లలో రెండు రకాల వాట్సాప్ సందేశాలు తిరుగుతున్నాయి. ఒకటేమో, "అమెరికా డాక్టర్లు కూడా సున్తీయే మంచిదని ఒప్పేసుకున్నారు, చూశారా మన దీన్ గొప్పతనం" అంటుంది. రెండోది, "యూరప్ డాక్టర్లు సున్తీని పిల్లల హక్కుల ఉల్లంఘన అంటున్నారు, ఇంకా ఎందుకీ ఆచారం" అంటుంది. మా బడిలో చదువుకొని ఇప్పుడు ఇంజనీరింగ్ చేస్తున్న అబ్బాయి ఒకడు నా దగ్గరకొచ్చి, "సార్, ఇందులో ఏది నిజం?" అని అడిగాడు. రెండూ సగం సగం నిజాలే అన్నాను. అతనికి చెప్పిందే ఇవాళ మీకూ చెబుతాను. ఆ తర్వాత మన సంగతి మనం చూసుకుందాం.

మన పునాది ఎక్కడుంది

మన ఇళ్ళలో ఖత్నా అంటాం, సున్తీ అంటాం, కొన్ని ఊళ్ళలో ఒడుగులు అంటారు. పేరు ఏదైనా మనం ఆ పని చేసేది దైవప్రవక్త ఇబ్రాహీం అలైహిస్సలాం మార్గం అని. ఆయన ఎనభయ్యో ఏట తనకు తానే ఆ పని చేసుకున్నారని హదీసు గ్రంథాల్లో ఉంది. ఖుర్ఆన్‌లో దీని ప్రస్తావన నేరుగా లేదు. ఫిత్రత్‌కు చెందిన ఐదు విషయాల్లో, గోళ్ళు తీయడం, మీసం కత్తిరించడం వంటివాటితో పాటు, ఖత్నాను దైవప్రవక్త (స) చెప్పినట్టు బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాలు రెండింటిలోనూ ఉంది. మన వైపు ఎక్కువమంది అనుసరించే హనఫీ పండితుల దృష్టిలో ఇది సున్నత్. షాఫయీ, హంబలీ పండితుల దృష్టిలో వాజిబ్.

ఇది ఎందుకు చెబుతున్నానంటే, మన పునాది ఇక్కడుంది. మూత్రంలో ఇన్ఫెక్షన్ రాకూడదని మన తాతలు ఈ పని చేయలేదు. రేపు ఏ డాక్టరో దీనివల్ల లాభం లేదని తేల్చినా ముస్లింలు మానరు. అలాంటప్పుడు డాక్టర్ల సంఘం ఒకటి మంచి మాట అనగానే దాన్ని ఫ్రేము కట్టించి గోడకు తగిలించుకోవడం, ఇంకో సంఘం చెడ్డ మాట అనగానే కంగారుపడిపోవడం, ఈ రెండూ మనకు తగవు.

అమెరికా సంఘం మాట

అమెరికాలో పిల్లల డాక్టర్ల పెద్ద సంఘం ఉంది. పేరు అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్. ఆ దేశంలో సున్తీకి మతంతో పని లేదు. క్రైస్తవుల ఇళ్ళలో కూడా, బిడ్డ పుట్టిన ఒకటి రెండు రోజుల్లో ఆస్పత్రిలోనే చేయించే అలవాటు గత శతాబ్దంలో బాగా పాతుకుపోయింది. అక్కడి ప్రభుత్వ లెక్కల ప్రకారం, ఆస్పత్రిలో పుట్టి ఇంటికి వెళ్ళేలోపే సున్తీ అయిన మగబిడ్డలు 1979లో 64.5 శాతం, 2010లో 58.3 శాతం.

ఇంత మామూలైన పని మీద ఆ సంఘం ఏమన్నదో వరసగా చూడండి. పుట్టిన బిడ్డకు సున్తీ చేయడానికి సరైన వైద్య కారణం లేదని 1971లో అన్నది. 1975లోనూ దాదాపు అదే మాట. 1989కి వచ్చేసరికి, కొన్ని లాభాలు ఉండవచ్చు, నష్టాలూ ఉన్నాయి, తల్లిదండ్రులకు రెండూ చెప్పండి అన్నది. 1999లో, లాభాలు ఉండవచ్చు గానీ అందరికీ చేయించమని సిఫారసు చేసేంతగా లేవన్నది. 2012 ఆగస్టులో, నష్టాల కంటే లాభాలే ఎక్కువ అన్నది. వాట్సాప్‌లో తిరిగేది ఈ ఆఖరి మాటే. దాని వెంటనే ఉన్న వాక్యం మాత్రం తిరగదు. లాభాలు ఎక్కువే అయినా మగబిడ్డలందరికీ చేయించాలని సిఫారసు చేసేంత పెద్దవి కావు, నిర్ణయం తల్లిదండ్రులది, కావాలన్న వాళ్ళకు బీమా డబ్బు చెల్లించాలి, అని కూడా ఆ తీర్మానంలోనే ఉంది.

నలభై ఏళ్ళలో ఇన్నిసార్లు మాట మార్చారని నేను వాళ్ళను తప్పుపట్టను. కొత్త పరిశోధన వస్తే పాత మాట దిద్దుకోవడమే శాస్త్రం పద్ధతి. ఆఫ్రికాలో, దక్షిణాఫ్రికా, కెన్యా, ఉగాండా దేశాల్లో, పదకొండు వేలమంది మగవాళ్ళతో మూడు పెద్ద పరీక్షలు జరిగాయి. సున్తీ చేయించుకున్న మగవాళ్ళకు ఆడవాళ్ళ నుంచి హెచ్ఐవి సోకే అవకాశం సుమారు 60 శాతం తగ్గుతుందని తేలింది. దాని మీదే 2007లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, హెచ్ఐవి ఎక్కువగా ఉన్న ప్రాంతాల్లో సున్తీని ఒక నివారణ మార్గంగా సిఫారసు చేసింది. ఇది చిన్న విషయం కాదు. అయితే ఆ పరీక్షల్లో పాల్గొన్నవాళ్ళంతా తమ ఇష్టంతో ఒప్పుకున్న యువకులు, పెద్దవాళ్ళు. పాలు తాగే పసిబిడ్డలు కారు.

యూరప్ డాక్టర్లు సరిగ్గా ఇక్కడే పట్టుకున్నారు. 2013లో ఆ అకాడమీ సొంత పత్రికలోనే 38 మంది వైద్యులు విమర్శ రాశారు. వాళ్ళలో ఎక్కువమంది యూరప్ వాళ్ళు. మీరు చెప్పే లాభాల్లో పసితనానికి వర్తించేది ఒక్కటే, మూత్రనాళ ఇన్ఫెక్షన్ తగ్గడం. అది కూడా సుమారు వందమందికి సున్తీ చేస్తే ఒకరికి తప్పుతుంది. వస్తే మందులతో నయమవుతుంది. మిగతా లాభాలన్నీ పెద్దయ్యాక వచ్చేవి, అప్పుడు ఆ మనిషే నిర్ణయించుకోవచ్చు. ఇదీ వాళ్ళ వాదన. మీ దేశంలో అలవాటైన పని కాబట్టి మీకు లాభాలే పెద్దగా కనిపిస్తున్నాయని కూడా అన్నారు. అకాడమీ ఊరుకోలేదు. మీ దేశాల్లో అలవాటు లేని పని కాబట్టి మీకు నష్టాలే పెద్దగా కనిపిస్తున్నాయని జవాబిచ్చింది.

టీచర్లకు ఇది కొత్త కాదు. స్పాట్ వాల్యుయేషన్‌లో ఒకే జవాబు పత్రాన్ని ఇద్దరు దిద్దితే ఒకరు 62 వేస్తారు, ఒకరు 38 వేస్తారు. పత్రం మారలేదు. దేనికి ఎన్ని మార్కులు అన్న లెక్క దిద్దేవాళ్ళ మనసులో వేరుగా ఉంది. ఈ వైద్య సంఘాల విషయమూ అంతే. పరిశోధనలు దాదాపు అవే. కుటుంబం నమ్మకానికి ఎన్ని మార్కులు, బిడ్డ శరీరానికి ఎన్ని మార్కులు, రాబోయే జబ్బుకు ఎన్ని మార్కులు అన్నదగ్గర తేడా వచ్చింది. అది సూక్ష్మదర్శినిలో కనిపించే తేడా కాదు. అందుకే వాళ్ళ తీర్మానాలను తీర్పులుగా చదవకూడదంటాను.

యూరప్‌లో ఏం జరిగింది

2010లో నెదర్లాండ్స్ వైద్యుల సంఘం ఇంకా గట్టిగా మాట్లాడింది. వైద్య కారణం లేకుండా మైనరు బాలుడికి సున్తీ చేయడం ఆ బాలుడి శరీర హక్కుకు విరుద్ధమని, తల్లిదండ్రులకు నచ్చజెప్పి మాన్పించే ప్రయత్నం చేయాలని డాక్టర్లను కోరింది. అయితే చట్టంతో నిషేధించమని మాత్రం అడగలేదు. నిషేధిస్తే జనం చాటుమాటుగా చేయించుకుంటారని, దానివల్ల పిల్లలకు ఇంకా ఎక్కువ ప్రమాదమని వాళ్ళకూ భయం ఉంది. ఈ భయాన్ని గుర్తు పెట్టుకోండి. మళ్ళీ దాని దగ్గరకొస్తాను.

రెండేళ్ళ తర్వాత జర్మనీలో పెద్ద గొడవ జరిగింది. కొలోన్ నగరంలో ఒక ముస్లిం కుటుంబం తమ నాలుగేళ్ళ అబ్బాయికి డాక్టరుతో సున్తీ చేయించింది. రెండు రోజుల తర్వాత నెత్తురు కారుతుంటే తల్లి బిడ్డను ఆస్పత్రికి తీసుకెళ్ళింది. విషయం పోలీసుల దాకా, కోర్టు దాకా వెళ్ళింది. డాక్టరు పని వైద్యపరంగా సరిగానే చేశాడని కోర్టు ఒప్పుకుంది. అయినా 2012 మే 7న అక్కడి జిల్లా కోర్టు, మతం కోసం చేసే సున్తీ శరీరానికి చేసిన గాయమే, తల్లిదండ్రుల అంగీకారంతో అది ఒప్పు కాదు అని తేల్చింది. చట్టం స్పష్టంగా లేదు కాబట్టి డాక్టరును మాత్రం వదిలిపెట్టింది. ఆ తీర్పుతో కొన్ని నెలలపాటు జర్మనీలోని ముస్లింలు, యూదులు తమ ఆచారం నేరమైపోయిందేమోనని తల్లడిల్లారు. ఆస్పత్రులు కొన్ని సున్తీలు ఆపేశాయి.

చివరకు 2012 డిసెంబరు 12న జర్మనీ పార్లమెంటు చట్టం చేసింది. అనుకూలంగా 434, వ్యతిరేకంగా 100 ఓట్లు. తల్లిదండ్రులు చేయించవచ్చు, కానీ వైద్య ప్రమాణాల ప్రకారమే జరగాలి, బిడ్డ ఆరోగ్యానికి హాని ఉండకూడదు. ఆరు నెలలలోపు బిడ్డకైతే మత సంఘం నియమించిన, తగిన శిక్షణ పొందిన వ్యక్తి చేయవచ్చు. ఆరు నెలలు దాటితే డాక్టరే చేయాలి. యూదులు ఎనిమిదో రోజున చేస్తారు, వాళ్ళకు ఆ వెసులుబాటు సరిపోయింది. మూడేళ్ళకో ఆరేళ్ళకో చేయించే ముస్లింలకు డాక్టరు తప్పనిసరి. జర్మనీ పిల్లల డాక్టర్ల సంఘం ఈ చట్టాన్నీ వ్యతిరేకించింది.

మన దేశంలోనూ ఆ గాలి అప్పుడప్పుడూ వీస్తుంది. పిల్లల సున్తీని నేరంగా ప్రకటించమని కేరళ హైకోర్టులో వేసిన వ్యాజ్యాన్ని 2023లో కోర్టు కొట్టేసింది. కాబట్టి చట్టం గురించి ఇవాళ మనకు భయం లేదు. నా భయం వేరే.

వైద్య సంఘాల మీద నా విమర్శ

నేను డాక్టరును కాను. పిల్లలకు జీవశాస్త్రం చెప్పే టీచర్ని. అయినా ఈ తీర్మానాలు చదివాక నాకు మూడు లోపాలు కనిపించాయి.

మొదటిది, నొప్పి. చేయాలా వద్దా అని దశాబ్దాలపాటు వాదించుకున్న ఆ అమెరికా సంఘం, చేసేటప్పుడు బిడ్డకు నొప్పి తెలియకుండా మందు ఇచ్చి తీరాలని గట్టిగా చెప్పింది 1999లో. అప్పటిదాకా ఎన్ని లక్షలమంది పసివాళ్ళు మత్తు లేకుండా ఆ నొప్పి పడ్డారో! పసిబిడ్డకు నొప్పి అంతగా తెలియదని చదువుకున్న డాక్టర్లే చాలాకాలం నమ్మారు. ఏ తల్లిని అడిగినా చెప్పేది.

రెండోది, వయసు. ఈ లాభనష్టాల లెక్కలన్నీ ఎక్కువగా పుట్టిన కొద్ది రోజుల బిడ్డల మీద కట్టినవి. ప్రపంచంలో సున్తీ చేయించుకునేవాళ్ళలో పెద్ద భాగం ముస్లింలే. ముస్లింలలో చాలామంది పిల్లవాడు నడిచి, మాటలు నేర్చి, బడికి వెళ్ళే వయసులో చేయిస్తారు. చాలా దేశాల అధ్యయనాలను కలిపి 2010లో ప్రచురించిన ఒక సమీక్షలో, పసిబిడ్డల్లో చిన్నాపెద్దా ఇబ్బందులు మధ్యస్థంగా 1.5 శాతం ఉంటే, కాస్త ఎదిగిన పిల్లల్లో 6 శాతం దాకా ఉన్నాయి. అంటే అమెరికా సంఘం ఇచ్చిన సర్టిఫికెట్, ఆస్పత్రిలో, శిక్షణ పొందినవాళ్ళు, శుభ్రమైన పనిముట్లతో, మత్తు ఇచ్చి, పసిబిడ్డకు చేసే పనికి ఇచ్చింది. షాదీఖానాలో ఒక్క పూటలో వందమందికి చేసే పనికి ఇచ్చింది కాదు. దాన్ని మనం మన శిబిరం కరపత్రం మీద వేసుకుంటే అబద్ధం ఆడినట్టే.

మూడోది అన్నిటికంటే పెద్దది. "మేము సిఫారసు చేయం" అని తలుపు వేసేస్తే సున్తీ ఆగదు. తలుపు బయట జరుగుతుంది. ఇంగ్లండులో ప్రభుత్వ వైద్య సేవ మతం కోసం చేసే సున్తీని మామూలుగా ఉచితంగా చేయదు. 2010లో మాంచెస్టర్ దగ్గర ఓల్డ్‌హామ్‌లో నాలుగు వారాల బిడ్డకు ఇంట్లోనే ఒక నర్సు కత్తెరతో, మత్తు లేకుండా సున్తీ చేసింది. నెత్తురు పోయి ఆ బిడ్డ మర్నాడు చనిపోయాడు. అది ముస్లిం కుటుంబం కాదు, ఆఫ్రికా నుంచి వచ్చిన క్రైస్తవ కుటుంబం. నెదర్లాండ్స్ డాక్టర్లు భయపడింది సరిగ్గా ఇలాంటిదానికే. ఒక పనిని జనం ఎలాగూ చేస్తారని తెలిసినప్పుడు, అది భద్రంగా జరిగేలా చూడటం వైద్యుడి ధర్మం. చేయాలా వద్దా అన్న చర్చలో మునిగి ఎలా చేయాలి అన్నది వెనక్కి నెట్టారని నా ఫిర్యాదు.

ఇక మన వంతు

ఇంతసేపు వాళ్ళను విమర్శించాను. మనం వినడానికి హాయిగానే ఉంది. ఇప్పుడు చెప్పేది అంత హాయిగా ఉండదు.

పన్నెండేళ్ళ కింద నేను వేరే మండలంలో పనిచేసేవాణ్ణి. అక్కడ ఒక సంస్థ ఉచిత సున్తీ శిబిరం పెట్టింది. మన సంస్థ కాదు. మంచివాళ్ళే, మంచి మనసుతోనే పెట్టారు. టీచర్ని కదా, పిల్లల పేర్లు రాయమని నాకు ఫారాలు ఇచ్చారు. నేను 41 ఫారాలు నింపాను. పేరు, తండ్రి పేరు, వయసు, ఊరు, ఫోన్ నంబరు, చొక్కా కొలత. శిబిరంలో ప్రతి పిల్లవాడికీ కొత్త కుర్తా పైజమా ఇస్తారు, అందుకని కొలత.

అందులో ఒకడు రెండో తరగతి పూర్తయినవాడు. తండ్రి ఆటో నడుపుతాడు. పొద్దున శిబిరం ముగిసింది, మధ్యాహ్నం బిర్యానీ తిని ఇంటికి వెళ్ళారు. ఇషా వేళకు కట్టు తడిసింది. మామూలే అనుకొని తల్లి గుడ్డ మార్చింది. రాత్రి రెండింటికి తండ్రి నాకు ఫోన్ చేశాడు. "మాస్టారూ, నెత్తురు ఆగట్లేదు" అన్నాడు. టోకెన్ మీద ఉన్న నంబరుకు నేను చేశాను. స్విచాఫ్. అతని ఆటోలోనే పిల్లవాణ్ణి పెద్దాస్పత్రికి తీసుకెళ్ళాం. తల్లి ఒళ్ళో వాడు అప్పటికే తెల్లగా పాలిపోయి ఉన్నాడు.

అక్కడ రాత్రి డ్యూటీలో ఉన్న చిన్న వయసు డాక్టరమ్మ మొదట అడిగిన ప్రశ్న ఇది: "ఈ బాబు మేనమామల్లో ఎవరికైనా దెబ్బ తగిలితే నెత్తురు ఆగకపోవడం ఉందా?" తల్లి అక్కడే నేల మీద కూర్చుండిపోయింది. ఆమె తమ్ముడు పదకొండేళ్ళప్పుడు పన్ను పీకించుకొని, నెత్తురు ఆగక చనిపోయాడు.

అల్లాహ్ దయ, పిల్లవాడు బతికాడు. తొమ్మిది రోజులు ఆస్పత్రిలో ఉన్నాడు. పరీక్షలు చేసి హిమోఫీలియా అన్నారు. సుమారు ఐదు వేలమంది మగబిడ్డల్లో ఒకరికి వచ్చే జబ్బు. తల్లి ద్వారా కొడుక్కి వస్తుంది. నేను ఏటా నల్లబల్ల మీద బొమ్మ గీసి పిల్లలకు చెప్పే పాఠం. ఆ పాఠం చెప్పే చేత్తోనే వాడి చొక్కా కొలత రాశాను, నెత్తురు సంగతి అడగలేదు.

డిశ్చార్జి రోజున ఆ తల్లి ముందు తలెత్తలేకపోయాను. ఆమె నన్ను ఒక్క మాట కూడా తిట్టలేదు. "మీరు అడిగుంటే చెప్పేదాన్ని సార్" అంది. అంతే. ఆ మాట ఇప్పటికీ నాకు నిద్రలో వినిపిస్తుంది. ఆ అబ్బాయి ఇప్పుడు పాలిటెక్నిక్ పూర్తి చేశాడు. అవసరమైనప్పుడు ఇంజక్షన్లు తీసుకుంటూ ఆరోగ్యంగా ఉన్నాడు.

అడగాలని మన దీన్‌లో లేదా? ఉంది. ఎవరికీ హాని చేయకూడదు, హానికి బదులు హాని చేయకూడదు అన్న హదీసు మీద ఫిఖహ్‌లో ఎన్నో నియమాలు నిలబడ్డాయి. ప్రాణానికో ఆరోగ్యానికో హాని ఉందని భయం ఉంటే ఖత్నా వాయిదా వేయాలని, ఆ భయం పోకపోతే బాధ్యతే తొలగిపోతుందని ఫుఖహాలు చెప్పారు. వయసు విషయంలోనూ ఫలానా ఏడే అన్న కట్టుబాటు లేదు. తొందరపెట్టింది దీన్ కాదు. వేసవి సెలవులు, బ్యానరు, ముఖ్య అతిథి వచ్చే తేదీ తొందరపెట్టాయి.

దాతలకు నా మనవి

మన సంస్థలో ఇప్పటిదాకా అలాంటి కష్టం రాలేదు. అల్హమ్దులిల్లాహ్. రాకుండా ఉండాలంటే ఈ ఏడాది నుంచి కొన్ని మార్పులు చేయాలని కమిటీకి రాసిచ్చాను. వాటికి డబ్బు కావాలి, అది మీరు ఇవ్వాలి. అందుకే చెబుతున్నాను.

ఒకటి. ఫారంలో చొక్కా కొలత కంటే ముందు మూడు ప్రశ్నలు ఉండాలి. బిడ్డకు చిన్న దెబ్బకే కమిలిపోవడం, నెత్తురు ఆగకపోవడం ఉందా? తల్లి తరఫు మగవాళ్ళలో ఎవరికైనా ఉందా? ఏమైనా మందులు వాడుతున్నాడా, జ్వరం, ఉబ్బసం, గుండె జబ్బు ఉన్నాయా? ఈ ప్రశ్నలు తల్లినే అడగాలి. తండ్రికి మేనమామ సంగతులు తెలియకపోవచ్చు. అనుమానం ఉంటే ముందు రక్తపరీక్ష, ఆ ఖర్చు సంస్థది.

రెండు. కత్తి పట్టేముందు డాక్టరు ప్రతి పిల్లవాణ్ణీ పరీక్షించాలి. కొందరికి మూత్ర రంధ్రం చివర కాకుండా కింది వైపు ఉంటుంది. ముందుచర్మం కూడా సగమే ఉంటుంది. మన ఇళ్ళలో వీడికి పుట్టుకతోనే సున్తీ అయిపోయిందని మురిసిపోతారు. అది ఆపరేషన్‌తో సరిచేయాల్సిన లోపం. ఆ ఆపరేషన్‌కు ఆ చర్మమే అవసరం పడుతుంది. తెలియక తీసేస్తే బిడ్డకు తీరని నష్టం.

మూడు. సర్జనే చేయాలి, మత్తు ఇచ్చి చేయాలి, ఒక్కో పిల్లవాడికి విడిగా శుద్ధి చేసిన పనిముట్ల సెట్టు ఉండాలి. మా చిన్నప్పుడు హజాం వచ్చి వెదురు పుల్ల బిగించి, గాయం మీద బూడిద చల్లేవాడు. చేసేవాడికి తెలిసిన విద్య అదే, ఆయన్ను నేను తప్పుపట్టను. మనకు ఇంకో దారి ఉన్నప్పుడు కూడా ఒకే ట్రేలో పనిముట్లు ముంచి తీస్తే అది మన తప్పు. ఒక సర్జను ఒక పూటలో ఎంతమందికి నిదానంగా చేయగలడో అంతమందికే టోకెన్లు ఇవ్వాలి. నూరుమంది ముప్పై అయినా పరవాలేదు. మిగతావాళ్ళకు ఇంకో ఆదివారం పెడదాం.

నాలుగు. సంతకం అమ్మానాన్నలిద్దరిదీ కావాలి. ఫారం తెలుగులో, ఉర్దూలో ఉండాలి. పిల్లవాడికీ చెప్పాలి. "అదిగో బంగారు పిచ్చుక, పైకి చూడు" అని మోసం చేసి చేయించుకున్నవాళ్ళం మనలో చాలామందిమి ఉన్నాం. ఆ పిచ్చుకను మనం ఇంకా మర్చిపోలేదు. ఆరేళ్ళ పిల్లవాడికి, "నాన్నా, కాస్త నొప్పి ఉంటుంది, మందు ఇస్తారు, నేను పక్కనే ఉంటాను" అంటే అర్థమవుతుంది. ముప్పై ఏళ్ళ టీచరుగా ఆ హామీ నేనిస్తాను.

ఐదు. శిబిరం అయిన మూడు రాత్రులు మోగే ఫోన్ ఒకటి, సిద్ధంగా ఒక బండి. రెండో రోజున, వారానికి మళ్ళీ డాక్టరు చూడాలి. ఫోన్ ఎత్తే బాధ్యత మొదటి ఏడాది నేను తీసుకుంటాను.

ఆరు. లుంగీలు కట్టుకొని ఏడుస్తూ పడుకున్న పిల్లల ఫోటోలు ఈ సావనీరులో వేయడం ఆపాలి. రేపు ఆ పిల్లవాడు పదో తరగతికి వస్తాడు, తోటివాళ్ళు ఈ పుస్తకం చూస్తారు. బిడ్డ హయా మన ప్రచారం కంటే పెద్దది.

ఆఖరిది. ఏటా ఈ పుస్తకంలో ఎంతమందికి సున్తీ చేయించామో అంకె వేస్తున్నాం. దాని పక్కనే ఇంకో అంకె వేద్దాం. ఎంతమందిని మళ్ళీ డాక్టరుకు చూపించాల్సి వచ్చింది, ఎందుకు వచ్చింది. ఆ అంకె సున్నా అయితే అల్లాహ్‌కు కృతజ్ఞతలు చెబుదాం. సున్నా కాకపోతే దాచకుండా రాద్దాం. దాతకు అడిగే హక్కుంది. అడగాల్సిన బాధ్యత కూడా ఉందని నేనంటాను.

అమెరికా సంఘం రేపు మళ్ళీ మాట మార్చవచ్చు. యూరప్ సంఘాలు ఇంకా గట్టిగా మాట్లాడవచ్చు. మన ఇబ్రాహీమీ సున్నత్‌కు వాళ్ళ మెప్పు అక్కర్లేదు, వాళ్ళ నింద అంటదు. అయితే నొప్పి తెలియకుండా చేయడం, నెత్తురు సంగతి ముందే అడగడం, పనిముట్లు శుద్ధి చేయడం, ఇవి వాళ్ళ దగ్గర నేర్చుకోవాల్సినవే. జ్ఞానం ఎక్కడున్నా తెచ్చుకొమ్మని మనకు చిన్నప్పటి నుంచి చెప్పారు.

ఈసారి రసీదు చింపే ముందు మీలో ఒక్కరైనా కమిటీని, "ఫారంలో ఆ మూడు ప్రశ్నలు వేశారా?" అని అడగండి. నన్ను ఎవరూ అడగలేదు. నేనూ ఎవరినీ అడగలేదు.

మన సేవను అల్లాహ్ స్వీకరించుగాక. మన బిడ్డలందరినీ చల్లగా చూచుగాక. ఆమీన్.